లైకెన్‌లోని శిలీంధ్రం వేరు, లైకెన్ మీది శిలీంధ్రం వేరు

సందేహం: మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. వాళ్ల గోడపత్రికకు వ్యాసం రాస్తున్నాను. లైకెన్లను పట్టి బతికే శిలీంద్రాన్ని 'లైకెన్ పరాన్నజీవి' అనవచ్చా? ఒడియాలోలాగే 'పరజీవి' అంటే తప్పా?
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

సమాధానం: 'లైకెన్ పరాన్నజీవి' వద్దండీ. లైకెన్‌కు పరాన్నజీవి అనీ, లైకెనే పరాన్నజీవి అనీ రెండు అర్థాలు వస్తాయి. రెండోది శుద్ధ తప్పు. బెరడు మీద బూడిద రంగు మచ్చల్లా పెరిగే లైకెన్ చెట్టు రసం తాగదు, బెరడు దానికి ఆసరా మాత్రమే. చెట్టుకు తెగులని గీకిపారేసేవాళ్లున్నారు కనుక పిల్లలకు ఇది స్పష్టంగా తెలియాలి.

'లైకెన్ శిలీంధ్రం' అన్నా చిక్కే. శిలీంధ్రం, శైవలం కలిసి కాపురం చేస్తేనే లైకెన్. ఎండలో ఆహారం తయారుచేసేది శైవలం. కొన్నింటిలో ఆ పని సయనోబాక్టీరియాది. స్విస్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1860లలోనే ఈ జంట సంగతి చెప్పాడు. ఆ ఇంటి శిలీంధ్రాన్ని 'లైకెన్‌లోని శిలీంధ్రం' అనండి. బయటి నుంచి వచ్చి చేరిన రెండోదాన్ని 'లైకెన్ మీద బతికే శిలీంధ్రం' అనండి. దాని పోగులు లోపలికీ దిగుతాయి, అయినా 'మీద' తప్పు కాదు. 'పాడి మీద బతుకుతున్నాం' అంటే పాడే ఆధారమని కదా.

ఇలాంటివి 2000 జాతులకు పైగా తెలుసు. అన్నీ హాని చేయవు, కాబట్టి అన్నింటినీ పరాన్నజీవులని రాయకండి. గడ్డంలా వేలాడే అస్నియా లైకెన్ మీద బయటోరాప్సిస్ అస్నియారమ్ అనేది గులాబీ, గోధుమ రంగుల్లో బుడిపెలు లేపుతుంది. దాని గురించి 'బూజు పట్టింది' అంటే కుదరదు, 'బుడిపెలు లేచాయి' అనాలి. అథీలియా అరక్నాయిడియా మాత్రం సాలెగూడులా అల్లుకుని లైకెన్‌ను చంపేస్తుంది. సాలెగూడునూ, పాచిపోయిన అన్నం మీద లేచేదాన్నీ కూడా బూజనే అంటాం. అందుకే అథీలియాకు 'బూజు పట్టింది' ఎంత చక్కగా అమరిందో చూడండి!

ఇక 'పరజీవి'. తెలుగువాళ్లకు అది 'వేరే జీవి' అనిపిస్తుంది. పరాన్నజీవిలో పర, అన్న రెండూ ఉన్నాయి, ఎవరి తిండి తింటోందో మాటే చెబుతుంది. తెలుగు వాక్యంలో అదే ఉంచి, ఒడియా మాటను ఒక్కసారి పక్కన రాయండి. బడి పాఠంతో పిల్లలే కలుపుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో పిల్లల రెండు భాషలకూ గోడపత్రికలో చోటుండాలి.

మరొకటి, 'శిలీంద్రం' అని రాశారు. దకారం కాదు, ధకారం: శిలీంధ్రం.