కారు యాప్‌కు చందా కట్టే ముందు: మేనల్లుడికి అత్తయ్య లేఖ

జయనగర్, బెంగళూరు

చిరంజీవి చిన్నాకు,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఎలక్ట్రిక్ కారు కోసమని నువ్వు పంపిన మూడు యాప్‌ల వివరాలు చూశాను. "వీటిలో ఏది గిట్టుబాటు అత్తయ్యా?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. బ్యాంకులో కంప్యూటర్ వ్యవస్థల ఆడిట్ చేసి రిటైరైనదాన్ని, ఒక్క ముక్కలో జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఓపిక చేసుకుని చదువు.

కారు కంపెనీవాళ్ల యాప్ ఎటూ నీ ఫోనులో ఉంది. ఛార్జింగ్ ఎంత ఎక్కిందో, తలుపులు మూసి ఉన్నాయో లేదో అందులోనే తెలుస్తుంది. ఎండలో నిలిపిన బండిలో ఏసీ ముందే వేసుకోవడానికీ అదే చాలు. ఇక బయటివాళ్ల యాప్ దేనికి? నువ్వు పంపిన మొదటిది నెలకు 299 రూపాయలు తీసుకుని ప్రయాణాల చిట్టా, బ్యాటరీ ఆరోగ్యం గ్రాఫులు చూపిస్తానంటోంది. ఏడాదికి 3,588 రూపాయలు. ఇంట్లో కరెంటు యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఆ సొమ్ముకు 500 యూనిట్లు దాటి వస్తాయి. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు మాత్రమే వేసుకున్నా మూడు వేల కిలోమీటర్ల తిరుగుడు. ఆ గ్రాఫులు చూసి నువ్వు అంత కరెంటు ఆదా చేస్తేనే చందా గిట్టినట్టు. మహదేవపుర నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేవాడు ఎన్ని గ్రాఫులు చూసినా సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ కదలదు కదా.

అయితే నన్ను ఆపేసింది చందా కాదు. నీ స్క్రీన్‌షాట్‌లో ఆ యాప్ అన్నిటికన్నా ముందు అడిగింది చూశావా? కారు కంపెనీ అకౌంట్‌లో నువ్వు వాడే ఫోను నంబరు, పాస్‌వర్డ్. అవి ఇచ్చేసి "బ్యాటరీ శాతం చూసుకుంటే చాలు" అనుకోవడం, బీరువా తాళం చేతిలో పెట్టి పై అరలో దుప్పటి ఒక్కటే తీసుకొమ్మనడం లాంటిది. కంపెనీ యాప్‌తో నువ్వు చేయగలిగిన ప్రతి పనీ ఆ పాస్‌వర్డ్ ఉన్నవాడు చేయగలడు. బండి ఏ వీధిలో నిలిపి ఉందో చూస్తాడు, తాళం తీస్తాడు. రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరతావో, ఏ వారాంతంలో ఇంట్లో ఎవరూ ఉండరో వాడికి చిట్టాలోనే దొరుకుతుంది. నాకు దొంగ తాళాల కన్నా ఈ చిట్టాయే ఎక్కువ భయం.

పద్ధతిగా చేసేచోట పాస్‌వర్డ్ ఇలా చేతులు మారదు. టెస్లా సంగతి చూడు. బయటి యాప్‌ల కోసం 2023లో అధికారికంగా ఒక దారి తెరిచింది. యాప్ నిన్ను టెస్లా సొంత పేజీకి పంపుతుంది, పాస్‌వర్డ్ అక్కడే కొడతావు, యాప్‌కు అందేది ఒక టోకెన్, అంటే పాస్‌వర్డ్ బదులు చెల్లే అనుమతి చీటీ. అనుమతులు కూడా విడివిడిగా ఉంటాయి. బండి వివరాలు చూడటానికి ఒకటి, ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకటి, తలుపులు తీయడం వంటి ఆదేశాలకు ఒకటి, ఛార్జింగ్ ఆదేశాలకు ఇంకొకటి. చూడనిచ్చి, ఆదేశాలు ఇవ్వనివ్వకుండా ఉండవచ్చు. నచ్చకపోతే నీ అకౌంట్ నుంచే ఆ యాప్‌ను తీసిపారేయవచ్చు. ఈ దారిని వాడుకున్నంత మేరకు 2025 నుంచి యాప్‌లవాళ్ల దగ్గర టెస్లా డబ్బు వసూలు చేస్తోంది. వాళ్లు ఆ భారం మన మీద వేస్తారు.

అందుకే చందా అడిగినవాడల్లా దోపిడీదారని నేను అనను. సర్వర్ నడపాలన్నా, కారు నుంచి వివరాలు తెచ్చుకోవాలన్నా ఖర్చవుతుంది. నువ్వు పంపిన రెండో యాప్ అన్నీ ఉచితమే అంటోంది కాబట్టి ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో దాని గోప్యత పేజీలో వెతికాను. "భాగస్వాములతో పంచుకుంటాం" అని ఉంది, ఆ భాగస్వాములెవరో లేదు. డ్రైవింగ్ చిట్టాకు బజారులో గిరాకీ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ అంతటి సంస్థ డ్రైవర్ల స్పీడు, బ్రేకుల వివరాలు అమ్ముకుందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్యకు దిగింది. ఆ వివరాల ఆధారంగా కొందరికి బీమా ప్రీమియం పెరిగింది కూడా. పెద్ద కంపెనీయే అలా చేస్తే, పేరూ ఊరూ లేని ఉచిత యాప్ ఊరుకుంటుందా?

నువ్వు సాఫ్ట్‌వేర్‌వాడివి. "ఎవరి యాపూ వద్దు, ఓపెన్ సోర్స్‌ది తెచ్చి నా సర్వర్ మీద నేనే పెట్టుకుంటాను" అంటావని నాకు తెలుసు. టెస్లామేట్ కథ విను మరి. అది టెస్లా బండి చిట్టాను సొంత సర్వర్ మీద రాసిపెట్టే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రోగ్రామ్. ఉచితం, మంచి పనివాళ్లు రాసిందే. 2022 జనవరిలో డేవిడ్ కొలంబో అనే 19 ఏళ్ల జర్మనీ కుర్రాడు 13 దేశాల్లో 25కు పైగా టెస్లా కార్ల తలుపులూ కిటికీలూ తాను ఇంట్లో కూర్చుని తెరవగలనని ప్రకటించాడు. టెస్లా వ్యవస్థను అతను బద్దలు కొట్టలేదు. కార్ల యజమానులు తమ టెస్లామేట్ సర్వర్లను ఇంటర్నెట్‌లో బార్లా తెరిచిపెట్టారు. కొందరు గ్రాఫులు చూపే డాష్‌బోర్డుకు మొదట్లో వచ్చే పాస్‌వర్డ్‌ను మార్చను కూడా మార్చలేదు. టోకెన్లు ఎన్‌క్రిప్ట్ కాకుండా, అంటే ఎవరైనా చదవగలిగేలా లోపల పడి ఉన్నాయి. అతను మంచివాడు కాబట్టి చెప్పి ఊరుకున్నాడు. నువ్వే పెట్టుకుంటానంటే పెట్టుకో, కానీ ఇంటి వైఫై దాటి బయటికి కనబడనివ్వకు. అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా కూర్చుని వేసుకునే ఓపిక ఉందా అన్నది కూడా చూసుకో. నీ గది సర్దుకునే తీరు చూసినదాన్ని, నాకు అనుమానమే.

కంపెనీ యాప్‌లు మాత్రం కడిగిన ముత్యాలా అంటావేమో. కావు. 2016లో నిస్సాన్ లీఫ్ కారు యాప్‌లో లోపం బయటపడింది. ఛాసిస్ నంబరు తెలిస్తే చాలు, ఎవరైనా ఆ కారు ఏసీ వేయగలిగేవారు, ప్రయాణాల వివరాలు చూడగలిగేవారు. ఆ నంబరేమో అద్దంలోంచి రోడ్డు మీదికే కనిపిస్తుంది. 2024 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపువి సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు క్లౌడ్‌లో రక్షణ లేకుండా పడి ఉన్నాయని తెలిసింది. అందులో 4.6 లక్షల కార్లు ఎక్కడెక్కడ నిలిచాయో కూడా ఉంది. కారు కొన్నాక కంపెనీ చేతిలో నీ వివరాలు ఉండక తప్పదు. రెండో చేతిలో కూడా పెట్టాలా అన్నదే నీ ఇష్టంలో ఉన్న సంగతి.

నీ మూడో యాప్ నాకు కాస్త నచ్చింది. అది అకౌంట్ అడగదు, డాష్‌బోర్డు కింద నీ మోకాళ్ల పైన ఉండే ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్‌లు బండి లోపాలు చదివేది) చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి బ్యాటరీలోని సెల్‌ల వోల్టేజీలు చదువుతుంది. పరికరం ఒక్కసారి కొంటే సరి, నెలనెలా కట్టేది ఉండదు. వివరాలు ఫోను దాటి పోకుండా చూసుకోవచ్చు. వారంటీ క్లెయిముకు వెళ్లేటప్పుడు నీ దగ్గర నీ లెక్క ఉంటుంది. కానీ చవక పరికరాల బ్లూటూత్ పిన్ 1234 అనో 0000 అనో ఉంటుంది. పని అయ్యాక ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో పడెయ్యి. తగిలించి వదిలేస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీని తాగేస్తుంది, పొద్దున పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేలుకోదు. సిమ్ కార్డు ఉండే రకం అసలే కొనకు. 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు అలాంటి పరికరానికి ఎస్సెమ్మెస్సులు పంపి ఒక కార్వెట్ కారు బ్రేకులనే ఆడించి చూపించారు.

ఇక ఛార్జింగ్ యాప్‌లు. వీటిని తప్పించుకోలేం. బెంగళూరు నుంచి తిరుపతి 250 కిలోమీటర్లు. ముళబాగిలు దాటాక ఒక కంపెనీ ఛార్జర్, పలమనేరు దగ్గర మరొకటి, ప్రతిదానికీ ఒక యాప్, ప్రతి యాప్‌కూ ఒక వాలెట్. ఆరు యాప్‌లలో తలా 500 వేశావంటే మూడు వేలు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టు. యూపీఐతో నేరుగా కట్టనిచ్చేవాటికి మొదటి పీట వెయ్యి. వాలెట్ తప్పదంటే ఆ ఒక్క ఛార్జింగ్‌కు సరిపడా వేసుకో. మిగిలింది తిరిగి ఇస్తారా, ఎన్నాళ్లలో గడువు తీరుతుందన్నది వేసేముందే చదువు. యూనిట్ ధర పక్కన జీఎస్టీ 18 శాతం కలిపి చూపారో లేదో చూడు. ఛార్జింగ్ అయ్యాక బండి తీయకపోతే పడే రుసుము చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాల్ సెల్లార్లలో సిగ్నల్ ఉండదు, ఓటీపీ రాదు, వెనక ఇద్దరు హారన్లు కొడుతుంటారు. ఎక్కువగా వాడే నెట్‌వర్కు ఆర్ఎఫ్ఐడీ కార్డు (ఛార్జర్‌కు తాకించేది) ఇస్తే తీసుకుని పర్సులో పెట్టుకో.

ఛార్జర్ మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోను కెమెరాతో స్కాన్ చేయకు, ఆ యాప్ తెరిచి దానిలోంచే స్కాన్ చెయ్యి. అసలు కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించడం ఎంతసేపు పని? అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే ఫైలు (ప్లే స్టోరుతో పని లేకుండా యాప్ వేసే ఫైలు) ఎంత మంచి ఛార్జింగ్ యాప్ అని చెప్పినా వేసుకోవద్దు. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్సులు చదివే అనుమతి ఛార్జింగ్ యాప్‌కు ఎందుకు? లొకేషన్ కూడా వాడుతున్నప్పుడు మాత్రం ఇవ్వు. డబ్బు పోయిందంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి.

దారి ప్లాన్ చేసుకోవడానికి ఎ బెటర్ రూట్‌ప్లానర్ అనే యాప్ ఉచిత వెర్షన్ చాలు, కారును దానికి జోడించనక్కర్లేదు. బండి మోడల్, ఛార్జ్ శాతం చేత్తో కొడితే లెక్క చెబుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, తిరుపతి 160 దరిదాపుల్లో. పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగుతూ మురిసిపోతావు. వచ్చేటప్పుడు నీ 1,600 కిలోల బండిని పైకి ఎక్కించడానికే మూడు యూనిట్లకు పైగా అదనంగా కావాలి. ఆ లెక్క చెప్పే యాప్ దగ్గర ఉంటే మంచిదే. ఛార్జర్ బతికి ఉందో లేదో ప్లగ్‌షేర్ అనే ఛార్జర్ల యాప్‌లో చివరిగా వచ్చినవాళ్లు రాసిన తేదీ చూసి తేల్చుకో.

మొదటి యాప్ ఉచిత ట్రయల్ ఇంకా నడుస్తోంది కదూ? యాప్‌ను ఫోనులోంచి తీసేస్తే చందా ఆగిపోదు. ముందు ప్లే స్టోరులో సబ్‌స్క్రిప్షన్ రద్దు చెయ్యి, తర్వాత యూపీఐ ఆటోపే జాబితాలో దాని పేరు మిగిలిందేమో చూడు. 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ నీ ఓటీపీ అడగకుండానే కోసేస్తారు. 24 గంటల ముందు సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన, నువ్వు ఆ సందేశాలు చదవవని మీ అమ్మ చెప్పింది. ఆ తర్వాత నీ వివరాలు చెరిపేయమని వాళ్లకు మెయిల్ పెట్టు. 2023 డేటా రక్షణ చట్టం నీకు ఆ హక్కు ఇచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువు ఉంది కాబట్టి వాళ్లు నాన్చవచ్చు, అయినా మెయిల్ నీ దగ్గర రుజువుగా ఉంటుంది. పాస్‌వర్డ్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది మార్చు. కంపెనీ యాప్‌లో ఇంకే ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో చూసి అన్నిటినీ తీసెయ్యి. ఓబీడీ పరికరం కొనాలనుకుంటే మోడల్ పేరు నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
అత్తయ్య