మందులకు చెల్లిన కార్డు పంటికి చెల్లదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2025 ఫిబ్రవరి 10న నా భార్యకు జీపీ (మా ఏరియా ఫ్యామిలీ డాక్టర్) రాసిన రెండు మందులు తేవడానికి ఫార్మసీకి నేనే వెళ్లాను. అప్పటికి ఆమెకు మూడో నెల. కౌంటర్‌లో అమ్మాయి ‘ఎగ్జెంప్షన్ (చార్జి మినహాయింపు) ఏమైనా ఉందా’ అని అడిగితే గర్భవతి అని చెప్పి, మెటర్నిటీ గడిలో టిక్ పెట్టి సంతకం చేశాను. డబ్బులు తీసుకోలేదు. నిజానికి గర్భిణులకు మందులు ఉచితమని చూపే మెటర్నిటీ సర్టిఫికెట్ కోసం మిడ్‌వైఫ్ (గర్భిణులను చూసే నర్సు) దరఖాస్తు పంపింది మార్చి 4న. ఇప్పుడు 118.80 పౌండ్లు కట్టమని నా భార్య పేరున పెనాల్టీ నోటీసు వచ్చింది. అదే వారం నా పేరున ఇంకొకటి, 175.30 పౌండ్లకు. జూన్‌లో డెంటిస్ట్ దగ్గర పంటికి ఫిల్లింగ్ చేయించుకున్నప్పుడు, నాకు షుగర్ ఉంది, మెడికల్ ఎగ్జెంప్షన్ కార్డు ఉంది కదా అని ఉచితం కింద సంతకం పెట్టాను. వీసా తీసుకున్నప్పుడు ఒక్కొక్కరికి ఏడాదికి 1,035 పౌండ్ల లెక్కన హెల్త్ సర్‌చార్జి కట్టాం. మళ్లీ ఇదేంటి? కట్టకపోయినా ఏమీ చేయరని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. వచ్చే ఏడాది వీసా పొడిగింపు ఉంది. మోసం కేసు పెడతారేమోనని చంటిబిడ్డతో ఉన్న మా ఆవిడకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: రెండు నోటీసులూ ఒకే కవరులో వచ్చినట్టు కలిపి భయపడుతున్నారు. వాటిని విడదీయండి. మీ ఆవిడ పేరున వచ్చింది కొట్టేయించుకోదగ్గది. మీ పేరున వచ్చింది కట్టాల్సింది.

ముందు ఆమె నిద్ర సంగతి. ఇది పోలీసు కేసు కాదు. 2006 నాటి నేషనల్ హెల్త్ సర్వీస్ చట్టంలో 193వ సెక్షన్ కింద ఇచ్చే సివిల్ పెనాల్టీ. తెలిసి తెలిసి అబద్ధం చెప్పి డబ్బు ఎగ్గొట్టినవాళ్ల కోసం పక్కనే 194వ సెక్షన్ వేరుగా ఉంది, అది నేరం కిందికి వస్తుంది. కడుపుతో ఉన్న భార్య గురించి కడుపుతో ఉందని చెప్పిన మనిషి అందులోకి రాడు. ఈ నోటీసులు పంపేది ఎన్‌హెచ్‌ఎస్ (నేషనల్ హెల్త్ సర్వీస్, ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) బిజినెస్ సర్వీసెస్ అథారిటీ, న్యూకాసిల్‌లో ఉండే ప్రభుత్వ సంస్థ. ఫార్మసీలో మనం ‘ఉచితం’ అని సంతకం పెట్టినప్పుడు అక్కడ ఎవరూ నిలబెట్టి అడగరు. రుజువు చూపించకపోతే ‘రుజువు చూడలేదు’ అని గుర్తు పెట్టుకుని మందులు ఇచ్చేస్తారు. అసలు తనిఖీ తర్వాత జరుగుతుంది. మన పేరు, పుట్టిన తేదీ, చిరునామా పట్టుకుని సర్టిఫికెట్ల రికార్డులతో, బెనిఫిట్ల (ప్రభుత్వ ఆర్థిక సాయం) రికార్డులతో పోల్చి చూస్తారు. పొంతన కుదరకపోతే ఉత్తరం వస్తుంది. అందుకే ఫిబ్రవరి నాటి మందులకు ఇన్ని నెలల తర్వాత నోటీసు.

లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే అంకె చూడగానే మనవాళ్లు బెదిరిపోతారు. ఇంగ్లండ్‌లో 2024 మే 1 నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. మన ఊళ్లో మెడికల్ షాపులో షీటుకింత అన్నట్టు కాదు. 28 మాత్రలు రాసినా 56 రాసినా ఒకటే రేటు. రెండు మందులకు 19.80. దాని మీద పెనాల్టీ, ఎగ్గొట్టిన మొత్తానికి ఐదు రెట్లు, గరిష్ఠంగా 100 పౌండ్లు. 19.80కి ఐదు రెట్లు 99. అసలు కలిపితే 118.80. మీ పంటి నోటీసులో ఫిల్లింగ్ చార్జి 75.30, దానికి ఐదు రెట్లు 100 దాటిపోతుంది కాబట్టి పెనాల్టీ 100 దగ్గరే ఆగింది. లెక్కలో తప్పేమీ లేదు.

ఇక మీ ఆవిడ నోటీసు. గర్భవతి కావడం ఒకటి, గర్భవతి అని సర్టిఫికెట్ ఉండడం ఇంకొకటి. మందుల ఉచితానికి చట్టం అడిగేది రెండోది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కడుపు కనిపిస్తూనే ఉంది కదా, ఇంకా కాగితమెందుకు అనుకుంటారు. ఆ కాగితం లేకుండా పెట్టిన టిక్ తప్పు టిక్కే. ఈ లెక్కన మీరు ఓడిపోయినట్టే అనుకుంటున్నారు. కానీ ప్రశ్నలో మీరే ఒక తేదీ రాసి, దాన్ని వదిలేశారు. మిడ్‌వైఫ్ దరఖాస్తు పంపింది మార్చి 4న. మెటర్నిటీ సర్టిఫికెట్ దరఖాస్తు అందిన రోజు నుంచి మొదలు కాదు, అంతకు ఒక నెల వెనక నుంచి మొదలవుతుంది. అంటే మీ ఆవిడ సర్టిఫికెట్ మీద ప్రారంభ తేదీ ఫిబ్రవరి 4 అని ఉండాలి. మీరు మందులు తెచ్చింది 10న. ఆ రోజు చేతిలో కాగితం లేకపోయినా, ఆ రోజును సర్టిఫికెట్ కవర్ చేస్తోంది. బీరువాలోంచో ఈమెయిల్‌లోంచో దాన్ని తీసి ఈ తేదీ ఒక్కటీ చూడండి.

అది సరిపోతే, మరి వాళ్ల తనిఖీలో ఎందుకు దొరకలేదన్న ప్రశ్న వస్తుంది. నా అనుమానం పేరు మీద. మనవాళ్ల పేర్లు ఈ దేశపు కంప్యూటర్లకు కొరకరాని కొయ్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్‌గా ఉంటుంది, జీపీ దగ్గర రిజిస్టర్ చేసేటప్పుడు పేరు ముందూ వెనకా అవుతుంది, మిడ్‌వైఫ్ దరఖాస్తులో పెళ్లి తర్వాతి ఇంటిపేరు పడుతుంది. దీనికి తోడు అద్దె ఇల్లు మారి జీపీకి కొత్త అడ్రసు చెప్పకపోవడం. నోటీసు మీదున్న పేరును సర్టిఫికెట్ మీదున్న పేరు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఆ సంగతి వాళ్లకు రాసేటప్పుడు మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఇలాంటివి అరుదేమీ కాదు. బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2019లో ఈ పెనాల్టీల మీదే ఒక నివేదిక ఇచ్చింది. 2014 నుంచి పంపిన నోటీసులు సుమారు 56 లక్షలు. వాటిలో దాదాపు 17 లక్షలు, ఆ మనిషికి నిజంగానే ఉచితానికి అర్హత ఉందని తేలి వెనక్కి తీసుకున్నవి. అంటే పదింటిలో మూడు. మీ ఆవిడకు ఈ అంకె చెప్పండి. ఉత్తరం వచ్చినంత మాత్రాన మనం తప్పు చేసినట్టు కాదు.

చేయాల్సింది చిన్న పని. నోటీసు మీదున్న రిఫరెన్స్ నంబరుతో వాళ్ల వెబ్‌సైట్‌లో గానీ ఫోన్‌లో గానీ సవాలు చేయండి, సర్టిఫికెట్ వివరాలు ఇవ్వండి. ఫోన్ చేస్తే ఎప్పుడు చేశారో, అవతలివాళ్లు ఏమన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మందులు తెచ్చింది, సంతకం పెట్టింది మీరే అయినా నోటీసు మందు ఎవరి కోసమో వారి పేరునే వస్తుంది కాబట్టి సవాలు ఆమె పేరున వెళ్లాలి. తన తరఫున మీరు మాట్లాడతారని ఆమె ఒప్పుకోవాలి. బిడ్డను ఎత్తుకునే అయినా సరే, ఆమె ఫోన్‌లో ఒక మాట చెబితే తర్వాత మీరు అందుకోవచ్చు.

ఒకవేళ సర్టిఫికెట్ మీద ఫిబ్రవరి 10 తర్వాతి తేదీ ఉంటే? అప్పుడు 19.80 కట్టేయండి, 99 మీద మాత్రం పట్టుబట్టండి. 193వ సెక్షన్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. తప్పుడు ఉద్దేశంతో గానీ అజాగ్రత్తతో గానీ ప్రవర్తించలేదని చూపించగలిగితే పెనాల్టీ కట్టాల్సిన పనిలేదు. నిరూపించే భారం మాత్రం మన మీదే. గర్భవతి అన్నది నిజం, అర్హత ఉంది, దరఖాస్తు ఆలస్యమైంది, అది కూడా మిడ్‌వైఫ్ పంపాల్సింది. తొలి అపాయింట్‌మెంట్ ఉత్తరం, స్కాన్ తేదీ జతచేసి ఈ మాట రాయండి. ‘మాకు రూల్ తెలియదు’ అని మాత్రం రాయకండి. ఆ వాక్యమే అజాగ్రత్తకు సాక్ష్యమైపోతుంది.

ఇప్పుడు మీ పంటి సంగతి. ఇక్కడ నేను మీకు తీపి మాట చెప్పలేను. మన దగ్గర ఆరోగ్యశ్రీ కార్డుకు అలవాటు పడిన మనసు, కార్డు ఒకటుంటే ఆసుపత్రి పనులన్నిటికీ పనికొస్తుందనుకుంటుంది. ఇంగ్లండ్‌లో మందుల ఉచితానికి ఒక జాబితా, పంటి వైద్యం ఉచితానికి ఇంకో జాబితా. కొన్ని పేర్లు రెండింట్లో ఉంటాయి, కొన్ని ఉండవు. మీ చేతిలోని మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ మాత్రలు వాడే షుగర్‌కు, థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు, మూర్ఛకు, ఇంకా కొన్ని జబ్బులకు ఇచ్చేది. అది మందులకే. డెంటిస్ట్ కుర్చీలో దానికి విలువ లేదు. అరవై ఏళ్లు నిండినవాళ్ల సంగతీ అంతే. మందులు ఉచితం, పంటి వైద్యం కాదు. ఏడాదికి 114.50 పౌండ్లు పెట్టి కొనుక్కునే మందుల ముందస్తు చెల్లింపు సర్టిఫికెట్ కూడా పంటికి చెల్లదు.

మీకు కార్డు ఉందన్న మాట నిజమే కాబట్టి అజాగ్రత్త లేదని వాదించలేమా అని అడుగుతారు. వాదించొచ్చు, నిలబడడం కష్టం. మీరు సంతకం పెట్టిన డెంటల్ ఫారంలో ఉచితానికి కారణాలు వరసగా ఉంటాయి, అందులో మెడికల్ ఎగ్జెంప్షన్ ఉండదు. అంటే మీరు మీది కాని గడిలో టిక్ పెట్టి ఉండాలి, లేదా రిసెప్షన్‌లో ఎవరో పెట్టింది చదవకుండా సంతకం చేసి ఉండాలి. రెండోదే అయితే, మీరు షుగర్ కార్డు చూపించారని, వాళ్లే గడి ఎంచుకున్నారని ఆ క్లినిక్ రాసి ఇస్తే ఒక ప్రయత్నం చేయండి. నా అంచనాలో ఆ కాగితం మీకు రాదు. ఇంకెవరో నింపినా ఫారంలో ఉన్నది నిజమో కాదో చూసుకోవాల్సిన బాధ్యత సంతకం పెట్టినవారిదే. 175.30 కట్టేయండి.

హెల్త్ సర్‌చార్జి మాట. ఏడాదికి 1,035 పౌండ్లు కట్టినవారికి కోపం రావడం సహజం, ఈ ప్రశ్న నన్ను అడగని తెలుగువాళ్లు తక్కువ. ఆ డబ్బుతో మీకు వచ్చింది ఇక్కడ స్థిరపడినవాళ్లతో సమానంగా ఎన్‌హెచ్‌ఎస్‌ను వాడుకునే హక్కు. వాళ్లతో సమానం అంటే మందుల చార్జి, పంటి చార్జి విషయంలో కూడా సమానమే. లండన్‌లో పుట్టి పెరిగినవాడు కౌంటర్ దగ్గర 9.90 కడతాడు, మనమూ కడతాం. వేల్స్‌లో, స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో మందులకు ఎవరూ కట్టరు. కార్డిఫ్‌లో ఉన్న మీ బంధువు ‘ఇక్కడంతా ఫ్రీ’ అన్నాడంటే అతను అబద్ధం చెప్పడం లేదు, అది మీ ఊరికి వర్తించదు.

మీ ఫ్రెండ్ సలహా సంగతి. 28 రోజుల్లోగా కట్టకుండా, జవాబూ ఇవ్వకుండా ఉంటే పెనాల్టీలో సగం అదనంగా పడుతుంది. మీ విషయంలో ఇంకో 50, మొత్తం 225.30. తర్వాత వసూలు ఏజెన్సీలు. ‘ఏమీ చేయరు’ అనేవాళ్లకు సాధారణంగా ఆ తర్వాతి వీసా ఫారం ఇంకా ఎదురై ఉండదు.

వీసా విషయం కాస్త వివరంగా చెబుతాను, మీ అసలు భయం అదే కాబట్టి. ఎన్‌హెచ్‌ఎస్ బాకీ 500 పౌండ్లు గానీ అంతకుమించి గానీ ఉంటే వీసా నిరాకరించొచ్చన్న నిబంధన ఒకటుంది, వాట్సాప్‌లో తిరిగేది అదే. అది విదేశీ సందర్శకుల దగ్గర ఆసుపత్రులు వసూలు చేసే చికిత్స ఖర్చుల గురించి. మీ రెండు నోటీసులూ ఆ కోవలోవి కావు. ‘పబ్లిక్ ఫండ్స్ వాడకూడదు’ అన్న షరతును కూడా మీరు మీరలేదు, ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ జాబితాలో లేదు. కట్టేసిన పెనాల్టీ మీ పొడిగింపుకు అడ్డు రాదని నా అభిప్రాయం. కట్టకుండా వదిలేసి, వ్యవహారం కోర్టుకెక్కి బాకీ తీర్పు వస్తే మాత్రం కథ మారుతుంది. బాకీ ఎగవేత మీద సివిల్ తీర్పు ఏమైనా ఉందా అని దరఖాస్తు ఫారం అడుగుతుంది. కౌంటీ కోర్టు తీర్పును నెలలోగా తీర్చకపోతే ఆరేళ్లు రిజిస్టర్‌లో ఉంటుంది. వంద పౌండ్ల దగ్గర మొండికేసి ఆరేళ్ల మచ్చ తెచ్చుకోవద్దు.

ఒకేసారి కట్టడం ఇబ్బందిగా ఉంటే, గడువు దాటకముందే ఫోన్ చేసి విడతలుగా కడతానని అడగండి. డబ్బు మాత్రం ఉత్తరంలో ఉన్న రిఫరెన్స్‌తో, వాళ్ల అధికారిక వెబ్‌సైట్‌కు మీరే వెళ్లి కట్టండి. ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కి కట్టకండి. ఇకముందు ఎప్పుడైనా అర్హత మీద సందేహం ఉంటే ఫార్మసీలో డబ్బు కట్టేసి అక్కడికక్కడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి. అర్హత ఉందని తేలితే, డబ్బు కట్టిన మూడు నెలల్లోగా తిరిగి రాబట్టుకోవచ్చు. ఆ రసీదు తర్వాత అడిగితే ఇవ్వరు, కట్టేటప్పుడే తీసుకోవాలి.

మీ మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఐదేళ్లకే చెల్లుతుంది, దాని మీద గడువు కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంకొక సంగతి, రెండు జాబితాలు వేరని చెప్పాను కదా. మీ ఆవిడ మెటర్నిటీ సర్టిఫికెట్ మాత్రం రెండింట్లోనూ చెల్లుతుంది. బిడ్డకు ఏడాది నిండేదాకా ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్ట్ దగ్గర ఆమెకు వైద్యం ఉచితం. వాయిదా వేస్తూ వచ్చిన పన్ను ఏదైనా ఉంటే ఈలోగానే చూపించమనండి.