తెనాలిలో హోమ్ పెట్టబోతున్న మేనకోడలికి

చి. శ్రావణికి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదు ఉద్యోగం మానేసి తెనాలిలో పెద్దవాళ్ల కోసం హోమ్ పెడుతున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నాకైతే ముందు గర్వంగా అనిపించింది, రాత్రికి నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్, ఫైర్ అనుమతి, దగ్గర్లో ఒక డాక్టరు, లెక్కలకి ఆడిటర్. ఇవి నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇరవై మంచాలతో మొదలుపెడతానన్నావట. ఎందుకమ్మా అంత తొందర? మంచాలు వేశాక వాటిని నింపాలనిపిస్తుంది. నింపే కంగారులో చేర్చుకోకూడని వాళ్లని కూడా చేర్చుకుంటావు. ముందు ఇళ్లకి వెళ్లే పనితో మొదలుపెట్టు. ఒకప్పుడు పింఛను కోసం ముసలివాళ్లు పొద్దున్నుంచీ అరుగుల మీద పడిగాపులు పడేవాళ్లు. ఇప్పుడు మన దగ్గర సచివాలయం వాళ్లు నాలుగు వేలూ గుమ్మం దగ్గరికే తెచ్చి చేతిలో పెడుతున్నారు. వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడని పెన్షనర్లు ఫోన్ కెమెరాకి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలు 2021లో వచ్చింది. డెబ్బై దాటిన వాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యమని కేంద్రం 2024 అక్టోబరులో వయ వందన కార్డు తెచ్చింది. అన్నీ ఉన్నాయి. ఆ ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుని, ఓపిగ్గా రెండోసారి చెప్పే మనిషే లేదు. ఆ మనిషిని పంపించు. బీపీ చూడటం, మందులు సర్దిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం. ఇవి చేస్తే ఎవరికి నిజంగా మంచం కావాలో నీకే తెలుస్తుంది.

గిరాకీ ఉండదేమోనని మీ నాన్న బెంగ. నాకా బెంగ లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటిన వాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. 2031కి పదమూడు మంది అవుతారని అంచనా. మన రాష్ట్రంలో ఇంకా ఎక్కువే ఉంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుల్లో పనిచేసినదాన్ని కదా, నా కళ్లముందే జరిగింది. ఇద్దరు చాలనుకుని అప్పుడు ఆపరేషన్ చేయించుకున్న తల్లులే ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. ఒక బిడ్డ డల్లాస్‌లో, ఇంకో బిడ్డ బెంగళూరులో. ఇప్పుడు పిల్లలు తగ్గిపోతున్నారని, ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను కూడా 2024లో ఎత్తేశారు. ఇవాళ పుట్టే పిల్లలు పెద్దయ్యేదాకా ఈ తల్లులు ఆగలేరుగా.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది.

రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక హోమ్‌లో చేశానని నీకు తెలుసు. దాని పేరు రాయను. అక్కడికి రేపల్లె వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారిని తీసుకొచ్చారు. భర్త పోయారు. కొడుకు అమెరికా నుంచి వచ్చాడు, సెలవు అయిపోవస్తోంది. ఆవిడ ఇల్లు వదిలి రానంటుందేమోనని అతనూ హోమ్ యజమానీ కలిసి ఒక మాట అనుకున్నారు: కంటి ఆపరేషన్ కోసమని, చుక్కలు వేయడం అయిపోగానే ఇంటికి పంపిస్తారని చెబుదామని. ఆపరేషన్ నిజంగానే చేయించారు. పంపించడమే అబద్ధం. "వచ్చాక ఆవిడే అలవాటు పడుతుందిలే" అన్నాడు యజమాని.

ఆవిడ చిన్న సూట్‌కేసు తెచ్చుకున్నారు. ఇంటి తాళంచెవులు కొంగున కట్టుకున్నారు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, జడ వేసుకుని, విడిచిన చీర ఆరగానే మడతపెట్టి మళ్లీ సూట్‌కేసులోనే పెట్టుకునేవారు. పక్కనే బీరువా ఖాళీగా ఉన్నా ఒక్క బట్ట పెట్టలేదు. "చుక్కలు ఇంకెన్నాళ్లమ్మా?" అని అడిగితే "డాక్టరుగారు ఊళ్లో లేరండీ" అనమని ఆయాలకి నేర్పారు. ఒకరోజు ఒక ఆయా నోరు జారి, మీ ఇల్లు అద్దెకిచ్చేశారటగా అనేసింది.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి ఎవరి చేత్తో ఇచ్చినా బీపీ మాత్ర వేసుకోలేదు. చుక్కల గురించి అబద్ధం చెప్పినవాళ్లు మాత్ర గురించి నిజం చెబుతారని ఎలా నమ్ముతుంది? కొడుక్కి పంపిన రిపోర్టులో మాత్రం "సహకరించడం లేదు, మొండితనం" అని రాశారు. ఇరవయ్యేళ్లపాటు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషిని మొండి అనడానికి వాళ్లకి నోరెలా వచ్చిందో! చివరికి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. వెళ్లేముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నన్ను అడిగుంటే నేనే వచ్చేదాన్నమ్మా. ఆ ఇంట్లో రాత్రిళ్లు ఒక్కదాన్నీ ఉండటం నాకూ భయమే" అన్నారు.

శ్రావణీ, డబ్బు కట్టేది కొడుకే కావచ్చు. నువ్వు జవాబు చెప్పుకోవలసింది ఆ తల్లికి. చేర్చుకునే ముందు పిల్లల్ని బయట కూర్చోబెట్టి పెద్దవాళ్లతో విడిగా మాట్లాడు. నాలుగు రోజులు ఉండి చూడమను, నచ్చకపోతే వెళ్లిపోవచ్చని చెప్పు. నిజంగా వెళ్లనివ్వు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు సాయంత్రమయ్యేసరికి ఇంటికి వెళతానంటారు. రేపు పంపిస్తామని వాళ్లకీ అబద్ధం చెప్పొద్దు, వాదించనూ వద్దు. చెయ్యి పట్టుకుని కాసేపు నడిపించు, ఆ ఇంటి సంగతులు అడుగు. చెబుతూ చెబుతూ వాళ్లే నెమ్మదిస్తారు.

రూముల్లో కెమెరాలు పెట్టి యాప్‌లో చూపించమని పిల్లలు అడుగుతారు. వరండాలో పెట్టుకో. చీర మార్చుకునే చోట మాత్రం వద్దు, ఎంత పెద్ద డిపాజిట్ ఇస్తామన్నా సరే. ఆస్తి కాగితాలు, పాస్‌బుక్కులు నీ బీరువాలో దాచమంటే ఒప్పుకోకు. ఆస్తి రాయించుకుని చూడటం మానేసిన పిల్లల మీద ఆర్డీఓ దగ్గరికి వెళ్లొచ్చని, తల్లిదండ్రుల పోషణ కోసం 2007 చట్టం ఉందని పెద్దవాళ్లకి చెప్పు. పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు, నీ మీద ఫిర్యాదు చెయ్యాలన్నా పనికొస్తుంది.

బాత్రూముల దగ్గర పైసా కూడా మిగుల్చుకోకు. మీ నానమ్మకి తుంటి విరిగింది బాత్రూము గడప దగ్గరే. అర్ధరాత్రి ఎవరినీ లేపడం ఇష్టంలేక చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లింది. నువ్వు అప్పుడు చిన్నదానివి. మంచంలో ఉండగా కూడా నీకు అన్నం తిన్నావా అని అడిగేది. గడపలు తీయించు, గరుకు టైల్స్ వేయించు, పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించు, రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వు. మంచం పట్టినవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఆ పని చేసే ఆయాకి జీతం ఒకటో తారీఖునే ఇవ్వు, వారానికో రోజు సెలవివ్వు. రెండు షిఫ్టులు వరసగా చేసి అలసిపోయిన చెయ్యి మెత్తగా ఉండదు.

ఇన్ని రాశానని భయపడకు తల్లీ. నీకు ఓపిక ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

బిల్డింగుకి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆగు. ఆదివారం గుంటూరు నుంచి పొద్దున రైలుకి వస్తాను. ముందు బాత్రూములు చూపించు, తర్వాత నీ లెక్కల పుస్తకం చూద్దాం. నా ఎఫ్‌డీ ఒకటి మార్చిలో మెచ్యూర్ అవుతుంది, ఆ సంగతి కూడా అప్పుడే మాట్లాడదాం. మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు.

మీ అత్తయ్య