ఈస్టుతో మొదలుపెట్టు: ప్రాజెక్టు చేయబోతున్న మాధవికి

చి. మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి బహుకణ జీవుల పుట్టుక తీసుకున్నావని, గైడ్ కూడా ఒప్పుకున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఈ విషయం మీద మన బెంగళూరులోనే మంచి పని జరిగింది. ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) విద్యానంద్ నంజుండయ్య గారి బృందం ముదుమలై అడవి మట్టి నుంచి, జంతువుల పేడ నుంచి సామాజిక అమీబాలను, అంటే ఆకలి వేసినప్పుడు ఒకచోట గుంపుగా చేరే ఒంటికణ జీవులను వేరుచేసి, ఒకే గుంపులో వేర్వేరు వంశాల కణాలు కలిసి ఉంటాయని చూపించింది. అది తప్పకుండా చదువు. ప్రయోగం మాత్రం ఈస్టుతో, అంటే రొట్టె పిండిని పొంగించే ఒంటికణ జీవితో చెయ్యి. నీకున్న కొద్ది నెలల్లో కళ్లారా చూడగలిగేది అదే.

2012లో రాట్‌క్లిఫ్, ట్రవిసానో బృందం అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో చేసిన పద్ధతి చాలా సులువు. 10 మిల్లీలీటర్ల మీడియాలో (కణాలకు తిండి ఉన్న ద్రవం) ఈస్టును ఒకరోజు షేకర్ మీద, అంటే ట్యూబులను ఊపుతూ ఉండే యంత్రం మీద పెంచుతారు. తర్వాత ట్యూబును 45 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, అడుక్కి దిగిన 100 మైక్రోలీటర్లు మాత్రం తీసి కొత్త మీడియాలో వేస్తారు. మర్నాడు మళ్లీ అంతే. తొందరగా మునిగినవాటికే మర్నాటి తిండి. 60 రోజులు తిరిగేసరికి విడివిడిగా నడిపిన పది ట్యూబుల వరసల్లోనూ (వీటినే లైన్లంటారు) గుంపులు కట్టిన ఈస్టే మిగిలింది.

బేకరీ షాపులో దొరికే ప్యాకెట్ ఈస్టుతో కూడా మొదలుపెట్టొచ్చు. కానీ చండీగఢ్‌లో సూక్ష్మజీవులను భద్రపరిచే ఎంటీసీసీ నుంచి స్ట్రెయిన్ (గుర్తించి పేరుపెట్టిన రకం) తెప్పించుకుంటే నీకు గొడవ ఉండదు. ఏది వాడినా ఒక్క కాలనీ నుంచే, అంటే ఒకే కణం నుంచి పెరిగిన చుక్క నుంచే మొదలుపెట్టు. మొదట్లోనే రెండు రకాలు కలిసి ఉంటే, తర్వాత వచ్చిన మార్పు కొత్తగా పుట్టిందో, ముందే ఉన్నది పైకి వచ్చిందో చెప్పలేవు.

పోల్చి చూడటానికి కంట్రోల్ లైన్లు కనీసం మూడైనా పెట్టుకో. వాటిని నిలబెట్టకుండా, బాగా కలిపి 100 మైక్రోలీటర్లు తియ్యాలి. మన ఊళ్లో కరెంటు సంగతి నీకు తెలుసు. రాత్రి షేకర్ ఆగిపోతే కంట్రోల్ ట్యూబుల్లో కూడా బరువైనవి అడుక్కి చేరతాయి. పొద్దున్నే చూడకుండా పైనుంచి తీస్తే తేలికవాటిని, అడుగునుంచి తీస్తే బరువైనవాటిని నువ్వే ఎంచినట్టవుతుంది. అందుకే తీసే ముందు ప్రతిసారీ కలుపు. కరెంటు పోయిన తేదీ, టైము నోట్‌బుక్‌లో రాసిపెట్టు. వారానికోసారి ప్రతి లైన్ నుంచి కొంచెం గ్లిసరాల్‌లో కలిపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మాత్రం మానకు. మార్పు ఎప్పుడు వచ్చిందని వైవాలో అడిగితే చూపించడానికి అవే ఉంటాయి.

గుంపు కనిపించగానే సంబరపడి ఫొటోలు పంపకు. ముందు అది ఎలాంటి గుంపో తేల్చుకో. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు ప్రాణమంతా ఇక్కడే ఉంది. ఈస్టు రెండు రకాలుగా గుంపు కడుతుంది. ఒకటి, విడివిడి కణాలు దారిలో ఎదురైన కణాలకు అతుక్కోవడం. ఈ అతుకుకి కాల్షియం కావాలి. కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ అనే రసాయనం కొంచెం వేస్తే చెదిరిపోతుంది. రెండోది, తల్లికణం నుంచి మొగ్గ తెగకుండా ఉండిపోవడం. ఏసీఈ2 అనే జన్యువు పాడైతే చాలు, ఇలా జరుగుతుంది. అప్పుడు గుంపు చెట్టులా కొమ్మలు వేస్తుంది. ఈడీటీఏ వేసినా చెదరదు. స్లైడు మీద కప్పే పలచటి గాజుముక్కను, అదే కవర్‌స్లిప్‌ను, వేలితో మెల్లగా నొక్కి మైక్రోస్కోపులో చూడు, కొమ్మలు పరుచుకుని ఏ మొగ్గ ఏ కణం నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, కొమ్మ విరిగినప్పుడు ఆ ముక్కలోని కణాలన్నీ మొదట్లో ఉన్న ఒక్క కణం సంతానమే. ఎక్కడైనా స్వార్థపు మ్యుటేషన్ (గుంపు కోసం పని చెయ్యకుండా తన లాభమే చూసుకునే జన్యు మార్పు) వచ్చినా అది తన వాళ్లతోనే మిగులుతుంది, తన గుంపునే దెబ్బతీసుకుంటుంది. అతుక్కునే గుంపులో అలా కాదు. పని చెయ్యనివాడు కూడా వచ్చి చేరొచ్చు. ముందు చెప్పిన సామాజిక అమీబాల్లో ఒకటైన డిక్టియోస్టీలియంకి ఉన్న చిక్కు ఇదే. ఆకలి వేసినప్పుడు వేల అమీబాలు ఒకచోట చేరి, సుమారు ఐదో వంతు చచ్చి కాడగా మారితే, మిగతావి దాని మీదికెక్కి స్పోర్లు, అంటే గింజల్లా తర్వాతి తరానికి మిగిలే కణాలు అవుతాయి. 2000లో బయటపడిన ఒక మ్యుటెంట్ (జన్యువు మారిన అమీబా) మామూలు కణాలతో కలిపితే ఎక్కువగా స్పోర్లవైపే వెళ్లింది. దాన్ని ఒంటరిగా పెంచితే మాత్రం స్పోర్లు చెయ్యడమే కష్టమైంది. కణాలు ఎలా కలిశాయి అన్నది అందరూ అడుగుతారు. మోసం చేసేవాటిని ఎవరు ఆపుతున్నారు అన్నది నువ్వు అడుగు.

మిథిలీన్ బ్లూ వేస్తే చచ్చిన కణాలు నీలంగా కనిపిస్తాయి. పెద్ద గుంపుల్లో అవి ఎక్కువ కనిపిస్తే గుంపు కోసం ప్రాణాలిచ్చాయని రాసెయ్యకు. అది గుంపు విరగడానికి పనికొస్తోందో, లోపలి కణాలకు తిండి అందకో తేల్చాకే మాట వాడు. త్యాగం లాంటి పదాలు రిపోర్టులో చూస్తే నాకు చిరాకు వస్తుంది.

గుంపులు బాగా పెరిగాక సన్నటి పిపెట్ టిప్‌తో పీలిస్తే విరుగుతాయి. టిప్ చివర కత్తిరించి వాడు. ఇదే ప్రయోగాన్ని రాట్‌క్లిఫ్ బృందం సుమారు 600 రోజులు నడిపి 2023లో ఫలితం ప్రచురించింది. ఆక్సిజన్ వాడని లైన్లలో గుంపులు 20,000 రెట్లు పెరిగి కంటికే కనిపించాయి. ఆక్సిజన్ వాడేవి చిన్నగానే ఉండిపోయాయి. నీకు అంత టైము లేదు, అంత అవసరమూ లేదు. కానీ ఒక లైన్‌ను ఆక్సిజన్ వాడలేని ఈస్టుతో నడపగలవేమో గైడ్‌ని అడుగు. ఒప్పుకుంటే రెండు రకాల గుంపుల సైజు ప్రతి వారం కొలిచి పక్కపక్కనే గ్రాఫ్ గియ్యి.

మొదటి ఈడీటీఏ టెస్టు చేసిన రోజు ఫోన్ చెయ్యి. స్లైడు నేనూ చూడాలి.

మీ పెదనాన్న