పెళ్లి తరువాతి రంగం: ఒక యువ నాటక రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటకం రాతప్రతిని శ్రద్ధగా చదివాను. ప్రేమికుల సంభాషణలు బాగున్నాయి గాని, పెద్దలు ఒప్పుకుని పెళ్లి నిశ్చయం కాగానే నీవు తెర దించేశావు. తిరగరాసే ముందు షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ను, అందులోనూ ఐదో అంకాన్ని, నిదానంగా చదవమని కోరుతున్నాను.

1600లో తొలిసారి అచ్చయిన ఈ నాటకంలో అడ్డంకి ఎంత కఠినమైనదో ముందు గమనించు. తండ్రి చూసిన వరుడు డెమెట్రియస్‌ను కాదంటే, ఏథెన్స్ చట్టం ప్రకారం హెర్మియాకు మరణశిక్షో, బతికినంత కాలం కన్యగా దేవతారాధనో తప్పదు. తన తండ్రి తన కళ్లతో చూస్తే బాగుండునని ఆమె వాపోతే, ఆమె కళ్లే తండ్రి వివేకంతో చూడాలంటాడు పాలకుడు థీసియస్. తగవు చూపు గురించేనని మొదటి రంగంలోనే తేలిపోయింది కనుకనే, తరువాత హెర్మియా తన ప్రియుడు లైసాండర్‌తో పారిపోయిన అడవిలో, నిద్రపోతున్నవారి కళ్ల మీద పిండిన పూలరసం, మేలుకోగానే కనబడినవారిని ప్రేమించేలా చేసేదైనా, వట్టి గారడీగా అనిపించదు. లైసాండర్ కళ్లకు విరుగుడు అందుతుంది, డెమెట్రియస్ కళ్లకు మాత్రం చివరిదాకా అందదు. ఒకప్పుడు తాను ప్రేమించిన హెలెనా మీదికే మనసు మళ్లింది కాబట్టి, జబ్బు తగ్గి నోటికి సహజమైన రుచి తిరిగి వచ్చిందని అతను నమ్ముతాడు. ఆ నమ్మకం నిజమో కాదో షేక్‌స్పియర్ తేల్చలేదు. తేల్చకపోవడమే గొప్పతనమని నా అభిప్రాయం. నీవైతే నాయకుడి మనసు ఎందుకు మారిందో మూడు పుటల పాటు వివరించావు.

ఇక పెళ్లిళ్లు అయ్యాక జరిగే ఐదో అంకం. పిచ్చివాడు, ప్రేమికుడు, కవి ముగ్గురూ ఊహతో నిండినవారేనని థీసియస్ కొట్టిపారేస్తే, అందరి మనసులూ ఒక్కసారిగా మారిన ఆ రాత్రి కథలో భ్రమను మించిన నిలకడ ఏదో ఉందని అతని నవవధువు హిప్పాలిటా బదులిస్తుంది. నీ నాటకంలో ప్రేమను ఎగతాళి చేసే మిత్రుడికి ఇలా జవాబు చెప్పగల పాత్ర ఒక్కటీ లేదు. అతన్ని కథాగమనం ఓడించింది గాని, ఎవరి ఆలోచనా ఓడించలేదు.

ఆ వెంటనే నేతగాడు బాటమ్, అతని తోటి పనివాళ్లు కలిసి పిరమస్, థిస్బీల కథను ఆడతారు. పెద్దలు కాదన్నందుకు రాత్రివేళ పారిపోయి మరణించిన జంట కథ అది. సరిగ్గా అదే ముప్పు నుంచి నిన్న రాత్రే తప్పించుకున్న లైసాండర్, అందులో తనను గుర్తుపట్టకుండా హాస్యాలాడుతూ కూర్చుంటాడు. అడవిలో అంత తీవ్రంగా వాదించుకున్న హెర్మియా, హెలెనాలకు ఈ అంకంలో ఒక్క మాటైనా లేదు. పెళ్లి వారికి సుఖాన్ని ఇచ్చిందో, నోరు మూయించిందో ప్రేక్షకుడే ఊహించుకోవాలి. పనివాళ్ల తప్పులను మన ఊహే సరిదిద్దాలని థీసియస్ అన్నప్పుడు, అది చూసేవారి ఊహే గాని ఆడేవారిది కాదని హిప్పాలిటా సూటిగా చెబుతుంది. ప్రేక్షకుడికి అంతటి పని అప్పగించే ధైర్యం నీకూ రావాలి.

అందుచేత పెళ్లి తరువాత జరిగే రంగం ఒకటి రాసి పంపు. అందులో నీ నాయిక మాట్లాడుతుందో, మౌనంగా ఉంటుందో నీ ఇష్టం. మౌనంగా ఉంటే మాత్రం, ఆ మౌనం పక్కన కూర్చున్న భర్తకు వినిపించిందో లేదో నాకు తెలియాలి.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి