కేసులో ఉన్న పిల్లాణ్ణి మిలిటరీ హాస్టల్లో చేర్పిస్తే మారతాడా?

అమ్మా, మీరు అడిగింది ఇది: మీ అబ్బాయికి 16 ఏళ్లు. విజయవాడలో ఇంటర్ హాస్టల్లో గొడవపడితే టీసీ ఇచ్చేశారు. మైనర్ల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డులో కేసు నడుస్తోంది, ఇంట్లో మాట వినడం లేదు. మిలిటరీ పద్ధతిలో నడిచే హాస్టల్లో ఆరు నెలలు పెడితే దారిలోకి వస్తాడా అని. ఈ కేసు వల్ల రేపు ఉద్యోగం రాకుండా పోతుందా అని కూడా చివర్లో అడిగారు.

నేను 24 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాను. గుంటూరులో ఉంటాను. అచ్చం ఇలాంటి పరిస్థితిలోనే మా చెల్లెలి కొడుకును అలాంటి చోట చేర్పించాం. చేర్పించమని సలహా ఇచ్చింది నేనే, కట్టిన డబ్బులో సగం నాదే. మీరు మాత్రం చేర్పించకండి.

మా చెల్లెలు వాళ్లది విజయవాడ సత్యనారాయణపురం. బావగారు వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. అప్పుచేసి కొడుకును ఎంపీసీలో చేర్పించారు. ఫస్టియర్ చివర్లో ఒక రాత్రి వాడు రూమ్మేట్ తలమీద స్టీలు క్యారేజీతో కొట్టాడు. ఆరు కుట్లు పడ్డాయి. కేసయింది, కాలేజీ వాళ్లు మర్నాడే టీసీ చేతిలో పెట్టారు. బోర్డు బెయిలిచ్చి, ప్రొబేషన్ ఆఫీసర్ (ఇలాంటి పిల్లల బాగోగులు కనిపెట్టుకుని బోర్డుకు చెప్పే అధికారి) పర్యవేక్షణలో ఉండమంది. ఇంటికొచ్చాక వాడు తలుపేసుకుని పడుకునేవాడు, అన్నం కూడా లోపలికే తెప్పించుకునేవాడు. "అన్నయ్యా, నిన్ను మనిషిని చేసింది మిలిటరీయే కదా, వీణ్ణి కూడా అలాంటి చోట పడెయ్యి" అని మా చెల్లెలు ఏడ్చింది. నాకూ నిజమే అనిపించింది.

ముందు సైనిక్ స్కూల్ గురించి వాకబు చేశాం. మీరూ అదే ఆలోచిస్తుంటే, ఆ దారి లేదు. కోరుకొండలో 1962 నుంచి ఉంది, కలికిరిలో తర్వాత వచ్చింది. ఆరో తరగతిలోకో తొమ్మిదో తరగతిలోకో జాతీయ స్థాయి ఎంట్రన్స్ రాసి చేరాలి. రేపు ఆఫీసర్లు కావాలనుకునే పిల్లల కోసం పెట్టిన స్కూళ్లవి. కేసులున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మిలిటరీ స్కూలంటూ మన దగ్గర లేదు. ఆ పేరుతో ఎవరైనా సీటిస్తామంటే అది ప్రైవేటు వ్యాపారమే.

మేము చేర్పించింది ఊరికి దూరంగా ఉండే చోటు. గేటు మీద మచ్చల యూనిఫాంలో కుర్రాళ్ల ఫొటోలు. మూడు నెలలకు 80 వేలు ముందే కట్టించుకున్నారు. నెల రోజులు ఎవరూ చూడ్డానికి రాకూడదు, ఫోన్ చేయకూడదు అన్నారు. రిక్రూట్ రోజుల్లో మాకూ ఇలాంటి కట్టుబాట్లు ఉండేవని చెల్లెలికి నేనే సర్దిచెప్పాను.

నెల తర్వాత వెళ్తే వాడు నన్ను చూసి సావధాన్‌లో నిలబడ్డాడు. "మావయ్యా" అనలేదు, "సార్" అన్నాడు. ఎంత మర్యాద వచ్చిందో చూడన్నయ్యా అని మా చెల్లెలు మురిసిపోయింది. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. కంకర మీద ఫ్రంట్ రోల్స్, అంటే పిల్లిమొగ్గలు, చేయిస్తే అలా అవుతాయని చూడగానే తెలిసింది. ఎందుకు చేయించార్రా అంటే తల దించుకుని "తప్పు చేశాను సార్" అన్నాడు. ఏం తప్పో చెప్పలేకపోయాడు.

మిలిటరీలో రగడా, అంటే శిక్షగా ఒళ్లు హూనమయ్యేలా చేయించడం, లేదని నేననను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో మా ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) మమ్మల్ని ఎండలో పరిగెత్తించిన రోజులున్నాయి. ఆయన కూడా మాతోపాటు పరిగెత్తేవాడు. కాలు బెణికితే వైద్యం చేసే ఎంఐ రూముకు తనే తీసుకెళ్లేవాడు. పైగా మేమంతా పోటీపడి సెలెక్టయి, సంతకం పెట్టి చేరినవాళ్లం. ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేసే కసమ్ పరేడ్ ఉంటుందని, ఆ తర్వాత రెజిమెంటు, జీతం, పక్కన మన సెక్షన్ కుర్రాళ్లు ఉంటారని ప్రతి ఒక్కడికీ తెలుసు. మేము చేర్పించిన చోట షెడ్లలో ఉన్న పిల్లలకు పరుగు దేనికోసమో తెలియదు, అది అయిపోయాక ఎక్కడికి వెళ్తారో తెలియదు. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని మీది ఏ రెజిమెంటు బాబూ అని అడిగాను. మాట మార్చేశాడు.

ఇంకో నష్టం కూడా జరిగింది. మావాడిది ఒక్క కొట్లాట కేసు. గంజాయి అలవాటున్నవాళ్లు, బైకుల దొంగతనంలో దొరికినవాళ్లు, వీడు, అందరూ ఒకే షెడ్డులో పడుకునేవాళ్లు. ఐదు వారాలకు మేము బయటికి తీసుకొచ్చేసరికి వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు వాడికి నోటికి వచ్చేశాయి. డబ్బు తిరిగి రాలేదు.

యూట్యూబులో అమెరికా వీడియోలు చూసి మీకు ఆశ పుట్టి ఉంటుంది. నాకూ పుట్టింది, తర్వాత కూర్చుని చదివాను. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి, కోర్టు పంపిన పిల్లల్ని అరిచి, పరిగెత్తించి దారికి తెద్దామనుకున్న బూట్ క్యాంపులు. ఫ్లోరిడాలో 2006 జనవరిలో, చేరిన మొదటిరోజే ఒక 14 ఏళ్ల కుర్రాడు పరుగులో ఆగిపోతే గార్డులు పట్టుకుని కొట్టారు, మర్నాడు చనిపోయాడు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం అలాంటి క్యాంపుల్ని మూసేసింది. బయటికి వచ్చిన పిల్లలు మళ్లీ నేరాల్లోకి వెళ్లడంలో, ఈ క్యాంపులకు వెళ్లనివాళ్లతో పోలిస్తే తేడా ఏమీ లేదని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. రెండోది, అక్కడి సైన్యంలో భాగమైన నేషనల్ గార్డ్ 1993లో మొదలుపెట్టిన యూత్ ఛాలెంజ్. చదువు మానేసిన 16 నుంచి 18 ఏళ్ల పిల్లలు తమంతట తాము దరఖాస్తు పెట్టుకుని చేరతారు. 22 వారాలు క్యాంపు. ఆ తర్వాత ఏడాదిపాటు వాళ్ల ఊరి మనిషి ఒకరు మెంటార్‌గా వెంట ఉంటారు. చేరినవాళ్లలో ఎక్కువమంది చదువు సర్టిఫికెట్ సంపాదించుకున్నారు. ఆ మెంటార్ ఏడాది గురించి చదివాక నాకు మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. మన దగ్గర ఆ యూనిఫాం ఒక్కటే కాపీ కొట్టి, ఆ ఏడాదిని వదిలేశారు.

ఇక మేము చేసిన పెద్ద తప్పు. వాణ్ణి క్యాంపులో పెట్టినట్టు ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పలేదు. బెయిల్లో, పర్యవేక్షణలో ఉన్న పిల్లాణ్ణి బోర్డుకు తెలియకుండా ఇల్లు మార్చకూడదు. ఆవిడ ఇంటికొచ్చి పిల్లాడు లేడని రాసుకుని వెళ్లారు. కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కి పంపేస్తారేమోనని మా చెల్లెలికి వారం రోజులు నిద్రలేదు. చివరికి నేనే వెళ్లి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కేకలేయలేదు. వాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి "ఆ రాత్రి అసలేం జరిగింది?" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట మేమెవ్వరం అడగలేదమ్మా. వాడు గంటసేపు చెప్పాడట. వారం వారం పరీక్షల్లో మార్కులు తగ్గి కింది సెక్షన్‌కి దించారు. ప్రతి ఆదివారం రాత్రి ఆ రూమ్మేట్ వీడి మార్కులు రూమంతటికీ వినపడేలా చదివేవాడు. నాలుగు నెలలు అలా సాగింది. కొట్టడం తప్పే. వెళ్లి ఆ పిల్లాడికి క్షమాపణ చెప్పాలని వాడే అన్నాడు, వాళ్ల పెద్దవాళ్లు ఒప్పుకున్నాక వెళ్లి చెప్పాడు.

ఆ తర్వాత బోర్డు అనుమతితో వాణ్ణి గుంటూరు తెచ్చుకున్నాను. ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కి ఫీజు కట్టాం. దానికి కాలేజీల చుట్టూ తిరగక్కర్లేదు, ఇంట్లో చదువుకుని పరీక్ష రాయొచ్చు. వారానికోసారి కౌన్సెలింగ్. నేను పొద్దున్నే కానిస్టేబుల్, అగ్నివీర్ పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లతో 1600 మీటర్లు పరిగెత్తిస్తుంటాను. రమ్మని వాణ్ణి అడగలేదు. పదిహేను రోజులకు వాడే బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. రెండో నెలలో స్టాప్‌వాచ్, నోట్‌బుక్ వాడి చేతికిచ్చాను. అందరి టైములూ వాడే రాయాలి. ఎవరి టైమూ పైకి చదివేవాడు కాదు, ఒక్కొక్కణ్ణి పక్కకు పిలిచి నోట్‌బుక్కులో చూపించేవాడు.

అంతటితో అంతా సర్దుకుందని అనుకోకండి. మూడో నెలలో క్యాంపు స్నేహితులను కలవడానికి చెప్పకుండా విజయవాడ వెళ్లి, అర్ధరాత్రి తిరిగొచ్చాడు. నాకు చెయ్యెత్తేంత కోపం వచ్చింది. మా ఆవిడ అడ్డం నిలబడి ముందు వాడికి అన్నం పెట్టింది. మర్నాడు వాణ్ణి వెంటబెట్టుకెళ్లి ఆఫీసర్‌కి మేమే చెప్పాం. వాడి ముందు నేను ఆవిడ దగ్గర ఏమీ దాచలేదు, అప్పటి నుంచి వాడూ నా దగ్గర దాచడం తగ్గించాడు.

అమ్మా, మీరు ఈ వారంలో రెండు పనులు చేయండి. ఒకటి, ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలిసి కౌన్సెలింగ్, చదువు రెండూ అడగండి. రెండు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. బోర్డులో మేజిస్ట్రేట్‌తోపాటు ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు, వాళ్లతో మీ బాధ చెప్పుకోవడానికి భయపడకండి.

బంధువుల ఒత్తిడి మీద ఏదైనా క్యాంపు చూడ్డానికి వెళ్లాల్సి వస్తే, క్యాంపు వాళ్లకు ముందుగా చెప్పకుండా వెళ్లండి. మీవాడి వయసు పిల్లాడితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడనివ్వమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. జువైనల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, చదువు చెప్పేదెవరు, ఇన్‌స్ట్రక్టర్‌కి ఆర్మీలో చేసినట్టు చూపే డిశ్చార్జ్ బుక్ ఉందా అని అడగండి. ఇప్పటికే చేర్పించి ఉండి, ఒంటి మీద దెబ్బలు కనపడితే 1098కి ఫోన్ చేయండి. పిల్లల్ని అప్పగించుకున్న సంస్థలో పనిచేసేవాళ్లు హింసిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉంది ఆ చట్టంలో.

ఉద్యోగం సంగతి. ఆ 2015 జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, బోర్డు విచారించి తేల్చిన కేసు వల్ల పిల్లాడికి ఏ అనర్హతా అంటదు, గడువు తర్వాత ఆ రికార్డు తీసేయాలి. 16 దాటినవాడి మీద బాగా తీవ్రమైన నేరం ఉండి, కేసు బోర్డు దాటి చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్తే మాత్రం లెక్క వేరు. పోలీసు, ఆర్మీ ఉద్యోగాల ఫారాల్లో పాత కేసుల గురించి అడిగే గడి ఉంటుంది. దాన్ని మీ అంతట మీరు నింపకండి, ఆ లాయర్‌కే చూపించి నింపండి. బోర్డు చివరి ఆర్డరు కాపీ మాత్రం ఇప్పటి నుంచే జాగ్రత్తగా దాచిపెట్టండి.