కాఫీ ముట్టని తమ్ముడి కొడుకు, ‘ఆజ్ఞ’ అనే మాట

ప్రశ్న: మాది నాలుగు తరాలుగా లూథరన్ కుటుంబం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు మోర్మన్ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాడు. పండక్కి వస్తే కాఫీ, టీ ముట్టడు. అది ఆజ్ఞ అంటాడు. ఆ నోటితోనే తన సంఘం స్త్రీలకు యాజకత్వం ఇవ్వాలనీ, లెక్కలు బయటపెట్టాలనీ వాదిస్తాడు. ప్రవక్త ద్వారా దేవుడే నడిపిస్తాడని నమ్మే చోట సంస్కరణకు తావెక్కడిది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలో రెండు సందేహాలు పెనవేసుకొని ఉన్నాయి. ఆ సంఘం మారగలదా అన్నది ఒకటి, మార్పును అడిగే హక్కు ఎవరిది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం, దేవుడు బైబిలుతో మాట్లాడటం ముగించలేదనీ, నేటికీ ప్రవక్తకు తన చిత్తాన్ని బయలుపరుస్తాడనీ నమ్ముతుంది. (మోర్మన్ అనే మారుపేరు వద్దు, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనే పూర్తి పేరే వాడండని 2018 నుంచి వారి పెద్దలు గట్టిగా కోరుతున్నారు, మన పాఠకులకు తెలిసిన పేరు కనుక నేను పాతదే వాడుతున్నాను.) కాబట్టి మారడానికి వారికున్న వెసులుబాటు, లేఖనం ఏనాడో పూర్తయిందని నమ్మే మీ లూథరన్ సంఘానికి లేదనే చెప్పాలి.

వారు మారారు కూడా. 1887 నాటి అమెరికా చట్టం బహుభార్యాత్వం కారణంగా సంఘం ఆస్తుల జప్తుకు దారి తీసింది. 1890 మే నెలలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించగా, ఆ సెప్టెంబరులోనే సంఘాధ్యక్షుడు (వారి దృష్టిలో ప్రవక్త) విల్ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని విరమిస్తూ ప్రకటన వెలువరించారు. అయితే దానికి ఆధారమైన 132వ ప్రకరణం ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ అనే వారి లేఖన గ్రంథంలో ఇప్పటికీ ఉంది. భార్య మరణించిన పురుషుడు మరొక స్త్రీతోనూ దేవాలయంలో (యోగ్యులైన సభ్యులకే ప్రవేశముండే పవిత్ర మందిరంలో) మరణం తరువాతా నిలిచే శాశ్వత వివాహబంధం ఏర్పరచుకోవచ్చు గాని, జీవించి ఉన్న స్త్రీకి ఇద్దరు భర్తలతో అలాంటి బంధం కుదరదు. ఈ తేడా అక్కడి స్త్రీలను ఇప్పటికీ బాధిస్తోంది.

అసలు చిక్కంతా సిద్ధాంతానికీ నియమానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న దగ్గర ఉంది. సిద్ధాంతం మారదు, నియమాలు మారవచ్చు అని వారి పెద్దలు చెబుతుంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కాని చరిత్ర అంత సాఫీగా లేదు. జోసెఫ్ స్మిత్ బతికి ఉండగా, 1836లో, ఎలైజా ఏబుల్ అనే నల్లజాతి సభ్యుడికి యాజకత్వం, అంటే దేవుని పేర సంస్కారాలు జరిపే అధికారం, ఇచ్చారు. తరువాతి నాయకుడు బ్రిగం యంగ్ 1852లో నల్లజాతివారికి అది లేదని ప్రకటించారు. అది కేవలం నియమం కాదనీ, ప్రభువు ఆజ్ఞపై నిలిచిన సిద్ధాంతమనీ 1949లో సంఘాధ్యక్షత్వం (అధ్యక్షుడు, ఆయన సలహాదారులు కలిసిన మండలి) రాసి మరీ ఇచ్చింది. మిశ్రమ వంశావళి సర్వసాధారణమైన బ్రెజిల్‌లో, సావో పాలోలో దేవాలయం కట్టేసరికి, అందులో ఎవరిని అనుమతించాలో తేల్చడమే కష్టమైంది. 1978 జూన్‌లో అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్, యోగ్యులైన పురుషులందరికీ, జాతితో నిమిత్తం లేకుండా, యాజకత్వం లభిస్తుందని ప్రకటించారు. ఆ నిషేధానికి పూర్వం చెప్పిన కారణాలను సంఘమే 2013లో తోసిపుచ్చింది. అంటే 1949లో సిద్ధాంతమైనది తరువాత నియమమైంది. గీత ఎక్కడుందో మార్పు జరిగాకే తెలుస్తోంది తప్ప ముందు తెలియడం లేదు. మీ తమ్ముడి కొడుకులాంటి వారి ఆశ అక్కడే పుడుతోంది.

2015 నవంబరు నాటి నియమానిదీ ఇదే కథ. స్వలింగ దంపతుల పిల్లలు 18 ఏళ్ళు నిండేవరకు బాప్తిస్మం పొందరాదన్న ఆ నియమాన్ని, అప్పటికి అపొస్తలుడుగా ఉన్న రసెల్ నెల్సన్ దైవప్రేరణగా వర్ణించారు. ఆయన అధ్యక్షుడయ్యాక, 2019 ఏప్రిల్‌లో, అది రద్దయింది. ఆదివారపు కూడికను మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గించడం, బాప్తిస్మానికి స్త్రీలను సాక్షులుగా అంగీకరించడం కూడా ఆ ఏడాదివే.

రెండో సందేహానికి జవాబు అంత హాయిగా ఉండదు. నిర్ణయం అధ్యక్షుడు, ఇద్దరు సలహాదారులు, పన్నెండు మంది అపొస్తలుల చేతిలో ఉంటుంది; వారు ఏకాభిప్రాయంతో నడుస్తారు, జీవితాంతం పదవిలో ఉంటారు, వారిలో సీనియరే అధ్యక్షుడవుతాడు. మన సీఎస్‌ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) స్త్రీల అభిషేకం సినడ్ అనే ప్రతినిధుల సభ చర్చల గుండా వచ్చింది, 2013లో నంద్యాల డయోసిస్‌కు ఒక మహిళ బిషప్ కాగలిగారు. మోర్మన్ సంఘంలో అలా కింది నుంచి ఓటుతో ఎక్కే మెట్టు లేదు. ఇంట్లోనో, తన నాయకుడి దగ్గరో సందేహం చెప్పుకోవచ్చు గాని ఉద్యమంగా నడిపితే సహించరు. 1993 సెప్టెంబరులో ఆరుగురు రచయితలు, మేధావులపై క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. స్త్రీలకు యాజకత్వం కోరిన ఉద్యమ నాయకురాలు కేట్ కెల్లీని 2014లో వెలివేశారు. ఆ పిల్లవాడు ఎంత బహిరంగంగా వాదిస్తున్నాడో ఒకసారి ఆరా తీయండి.

లెక్కల విషయంలో అతడి వాదనకు బలముంది. సభ్యుల నుంచి దశమభాగం తీసుకునే సంఘం 1959 తరువాత తన ఖర్చుల వివరాలను ప్రకటించడం మానేసింది. పెట్టుబడులను డొల్ల కంపెనీల చాటున ఉంచినందుకు 2023లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సంఘానికీ, దాని పెట్టుబడి విభాగానికీ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

కాఫీ సంగతి మిగిలింది. ఆ నిషేధానికి ఆధారమైన 1833 నాటి బోధ, ఇది ఆజ్ఞగా గాని నిర్బంధంగా గాని కాదు అంటూనే మొదలవుతుంది. అందులో ఉన్నది ‘వేడి పానీయాలు’ అన్న మాటే. వాటి అర్థం కాఫీ, టీ అని స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దంలోనే దాన్ని పాటించడం దేవాలయ ప్రవేశానికి షరతుగా మారింది. అంటే పెదనాన్నగా మీరు సలహా అని వాదించినా, అతడు ఆజ్ఞ అని వాదించినా ఇద్దరికీ ఆధారం దొరుకుతుంది. గ్రీన్ టీ కూడా కుదరదని 2019లో స్పష్టం చేశారు, కూల్‌డ్రింకులకు మాత్రం అభ్యంతరం చెప్పలేదు. వేసవిలో వస్తే గోళీ సోడా తెప్పించండి.